దేవుడి వాటా

పోయినవారం మీరు కథ మూసేసరికి జేబెజ్ శవం మా సత్రం వెనక, బీరు కాచే గదిలో, రెండు పీపాల మీద వేసిన తలుపు చెక్క మీద ఉంది. జ్యూరీవాళ్ళు పన్నెండు మందీ వరసగా వెళ్ళి దాన్ని చూసి, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా మేడ మీది పెద్దగదికి ఎక్కారు. మా ఊళ్ళో ఎవరైనా పోకూడని విధంగా పోతే విచారణ మా "ఊలుమూట" సత్రంలోనే జరుగుతుంది. అంత పెద్ద గది, అన్ని బెంచీలు చర్చిలో తప్ప ఇంకెక్కడా లేవు. చర్చిలో బీరు పొయ్యరు కాబట్టి జ్యూరీ మా దగ్గరికే వస్తుంది.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళకి రెండు ముక్కలు చెప్పేస్తాను. ప్యాసింజర్ రైలు లాగుతున్న "లాప్‌వింగ్" అనే ఇంజన్ ఊరు దాటగానే మిల్లు వంపు దగ్గర పట్టాల మీంచి దూకి పక్క కాలవలో పడింది. ఇంజన్ పొయ్యిలో బొగ్గు వేసే ఫైర్‌మన్ జేబెజ్ దాని కింద పడి చచ్చిపోయాడు. డ్రైవర్ ఈనాక్ సట్‌క్లిఫ్ ఆవిరికి మొహం సగం కాలి బతికాడు. బతకడమే అతని నేరమైంది. బండిని మితిమీరిన వేగంతో తోలి మనిషిని చంపాడని రైలు కంపెనీ ఫిర్యాదు. జ్యూరీ ఆ మాటే రాస్తే అతను యార్క్ జైలుకి పోతాడు. కెజియాకి ఈనాక్ మొగుడు, జేబెజ్ తమ్ముడు. తమ్ముణ్ణి కింద బీరుగదిలో పెట్టుకుని, మొగుణ్ణి మేడ మీద కానిస్టేబుల్ పక్కన పెట్టుకుని, ఆ పిల్ల మా మెట్ల మీద కూర్చుని ఉంది.

ఇంజన్ల సంగతి కూడా చెప్పాలి. లాప్‌వింగ్ ఒక్కటే కాదు. ప్లోవర్, కర్ల్యూ, హెరాన్ అని దాని తోబుట్టువులు ఇంకా ఉన్నాయి. ఆ రకానికి కంపెనీ అన్నీ పిట్టల పేర్లే పెట్టింది. పచ్చరంగు ఒళ్ళు, ఇత్తడి నెత్తి, మధ్యలో మనిషెత్తు చక్రం. సామాన్ల బళ్ళకి కట్టరు, మనుషుల బళ్ళకే కడతారు. చూస్తే దిష్టి తియ్యాలనిపించేంత అందం. కానీ బాయిలర్ ఎంత పొడుగో కింద చక్రాల బారు అంత పొట్టి. బరువైన పొయ్యి అంతా ఆఖరి చక్రాల వెనక వేలాడుతూ ఉంటుంది. బెంచీ కాళ్ళకి అవతల కొసన లావుపాటి మనిషి కూర్చుంటే ఏమవుతుందో సత్రం నడిపేదాన్ని, నాకు తెలుసు. వేగం పెరిగితే ఇంజన్ వెనక భాగం అటూ ఇటూ ఊగుతుంది. కంపెనీ ఏ పిట్ట పేరు పెట్టినా మావాళ్ళు మాత్రం వాటన్నిటినీ "తోకాడించేవి" అనే పిలుస్తారు.

ఆ పిట్టల్ని గీసింది మిస్టర్ వైవిల్. కంపెనీ ఇంజనీరు. తెల్లటి కాలరు, మెత్తటి గొంతు. మెత్తటి గొంతువాళ్ళంటే నాకు మొదట్నుంచీ పడదు. మా ఆయన బతికున్నప్పుడు తిట్టినా గట్టిగా తిట్టేవాడు, వీధంతా వినేది. ఆ తర్వాత మనసులో ఏమీ ఉండేది కాదు.

వైవిల్ లేచి జ్యూరీకి నమస్కరించినట్టు తల వంచి మొదలెట్టాడు.

"పెద్దలారా, పోయినవాడు మంచి కుర్రాడు. కంపెనీకి ఎంతో విచారంగా ఉంది. మన పాత ఆచారం ఒకటి ఉంది కదా, దేవుడి వాటా. మనిషి ప్రాణం తీసిన వస్తువు దేవుడికి చెందాలి, దాని విలువ రాణిగారి ఖజానాకి కట్టాలి. ఆ ఆచారాన్ని కంపెనీ గౌరవిస్తుంది. కాకపోతే ఆ కుర్రాడికి తగిలిన దెబ్బ ఇంజన్ది కాదు, వెనక చక్రానిది. డాక్టరు గారూ అదే చెప్పారు. చక్రం మీద ఒక షిల్లింగు రాయండి. మేం మారు మాట్లాడకుండా కట్టేస్తాం."

జ్యూరీ పెద్ద ఏమోస్ ఆక్రాయిడ్. గుర్రాల జీనులు కుట్టుకునే ముసలాయన. రైళ్ళొచ్చాక ఆయన దుకాణంలో ఈగలు తోలుకుంటున్నాడు గానీ నోటికి మాత్రం పని తగ్గలేదు.

"ఎద్దు పొడిచి మనిషి చస్తే దోషం కొమ్ముదంటావా, ఎద్దుదంటావా?" అన్నాడు.

"ఎద్దు తనంతట తాను పరిగెత్తుతుంది, ఆక్రాయిడ్ గారూ. ఇంజన్ పరిగెత్తదు. తోలినవాడు పరిగెత్తిస్తాడు."

వైవిల్ ఈనాక్ వైపు వేలు కూడా చూపించలేదు. ఊరికే అటు ఓసారి చూశాడు. గదిలో ఉన్నవాళ్ళంతా అటే చూశారు. సగం కాలిన మొహానికి కట్టు కట్టుకుని ఈనాక్ తల వంచుకున్నాడు. తప్పు చేసినవాడిలాగే ఉన్నాడు పాపం. తన పక్కనే నిలబడ్డ మనిషి పోతే ఎవరు మాత్రం తల ఎత్తుకుని కూర్చుంటారు?

జ్యూరీవాళ్ళు గుసగుసలు మొదలెట్టారు. రొట్టెల కొట్టు ఆసామి, బట్టల కొట్టు ఆసామి, గడియారాలు బాగుచేసేవాడు. ఒకడికి సరుకు రైల్లో వస్తుంది, ఇంకొకడి కూతురు మొగుడు స్టేషన్లో పని చేస్తాడు. ఇంజన్ని తిట్టాలంటే భయం, ఈనాక్‌ని జైలుకి పంపాలంటే మొహమాటం. చక్రం మీద షిల్లింగు అనేసరికి పామూ చావదు కర్రా విరగదు అనుకుని వాళ్ళ మొహాలు విచ్చుకున్నాయి. కింద వేడెక్కుతున్న మాంసం కూర వాసన వాళ్ళని ఇంకా తొందర పెట్టింది. ఏమోస్ కూడా గడ్డం గోక్కుంటూ, "సర్లే, ఆచారం ఆచారమే కదా" అన్నాడు. విచారణ నడిపే కరోనరు గారు కలం సిరాలో ముంచారు.

నేను బీరు కూజా పట్టుకుని బెంచీల మధ్య ఉన్నాను. నా పక్కనుంచి కెజియా విసురుగా ముందుకి పోయింది.

"ఆ షిల్లింగు రాయకండి!"

"ఆవిడెవరు? కూర్చోమనండి," అన్నారు కరోనరు గారు.

"నేను సచ్చినోడికి అక్కనండి. ఈయనకి పెళ్ళాన్నండి. కూర్చునే ఉన్నాను పొద్దుట్నించీ. ఏమోస్ బాబాయ్, నీకు తెలీట్లేదా? చక్రం మీద షిల్లింగు రాస్తే ఇంజన్ మంచిదని రాసినట్టే. ఇంజన్ మంచిదైతే మరి చెడ్డవాడెవడు? ఆ షిల్లింగుతో మా ఆయన మెడకి తాడు కొంటున్నారు మీరు."

ఏమోస్ చెయ్యి గడ్డం మీదే ఆగిపోయింది. కరోనరు గారి కలం నించి సిరా బొట్టు కాగితం మీద పడింది.

"మిసెస్ సట్‌క్లిఫ్ బాధ నాకు అర్థమైంది," అన్నాడు వైవిల్, ఇంకా మెత్తగా. "బాధలో మనిషి ఎవరినో ఒకరిని అనాలి కదా. కానీ ఇదే రకం ఇంజన్ ప్లోవర్ రోజూ ఈ ఊరికి వస్తోంది, పోతోంది. ఎవరికైనా గీత పడిందా?"

"రోజూ ఊగుతోందండి. మా ఆయన మీ ఇంజన్ల షెడ్డులో ఎన్నిసార్లు మొత్తుకున్నాడో అడగండి. టైముకి పోతే ఊగుద్ది, ఊగకుండా పోతే టైము దాటుద్ది. టైము దాటితే ఉద్యోగం పీకేస్తామంటారు. ఏం చెయ్యమన్నారు మరి, రెక్కలు కట్టుకోమన్నారా?"

"కంపెనీ వేసిన టైము చాలా ఆలోచించి వేసిందమ్మా. ఆ టైముకి ఈ ఇంజన్లు ఉయ్యాల్లో పసిపాపలా పోతాయి. నా సొంత పిల్లల్ని నిశ్చింతగా ఎక్కిస్తాను."

అదుగో, అక్కడ నాకు ఒళ్ళు మండింది. అబద్ధం చెప్పినందుకు కాదు. సత్రం నడిపేవాళ్ళు అబద్ధాలు వినీ వినీ రాటుదేలిపోతారు. పసిపిల్లల పేరు పెట్టి, ఆ శవం మీద నిలబడి, అంత మెత్తగా చెప్పినందుకు మండింది.

"మరైతే తమరు గుర్రాల బండిలో వచ్చారేమండీ?" అన్నాను.

నేను మాట్లాడకూడదు. అది నా ఇల్లే గానీ ఆ పూట రాణిగారి కచేరీ. కరోనరు గారు నా వైపు గుడ్లురిమి చూశారు.

"మిసెస్ గ్రీన్‌వుడ్!"

"అయ్యా, నన్ను తర్వాత తిట్టండి. ఈయన గుర్రాలు నా కొట్టంలో ఉన్నాయి. రాత్రి వానకి తడిసిన మన్ను వాటి పొట్టల దాకా అంటుకుంది. మూర్ అనే ఆ గొర్రెల బీడు దాటి, కొండదారంతా పడి వచ్చాయవి. వస్తూనే నా ఓట్స్ దాణా అంతా మేసేశాయి. స్టేషను చూస్తే నా గుమ్మానికి ఎదురుగుండా ఉంది. కంపెనీ ఇంజనీరు, కంపెనీ రైలు, టికెట్టు కూడా అక్కర్లేదు. ఆ ఉయ్యాల ఎక్కకుండా ఈ బురదలో పడి ఎందుకు వచ్చారో అడుగుతున్నా, అంతే."

ముందు ఎవరూ నవ్వలేదు. తర్వాత వెనక బెంచీల్లో ఎవడో నేత మిల్లువాడు కిసుక్కుమన్నాడు. అది గదంతా పాకింది.

వైవిల్ చెవులు ఎర్రబడ్డాయి. "నాకు దారిలో పనుండి అలా వచ్చాను," అన్నాడు.

"మూర్ మీద ఏం పనండీ? గొర్రెలకి టికెట్లు కోసి వచ్చారా?"

ఈసారి జ్యూరీ కూడా నవ్వింది. కరోనరు గారు బల్ల మీద కొట్టారు గానీ ఆయన మీసం కదలడం నేను చూశాను. నవ్వనిది ఇద్దరే. కెజియా నవ్వలేదు, ఈనాక్ తల ఎత్తలేదు.

ఏమోస్ లేచాడు. ఇందాక షిల్లింగుకి తల ఊపినందుకు తన మీద తనకే కోపంగా ఉన్నట్టుంది, మెడ నరాలు ఉబ్బాయి.

"కరోనరు గారూ, ఆ శవాన్ని మా కళ్ళతో చూశాం. ఇంజన్ని కూడా చూస్తాం. ఇంకాసేపట్లో ప్లోవర్ వస్తుంది. మేమే ఎక్కుతాం. కంపెనీవారు వేసిన టైముకి మిల్లు వంపు దాటించమనండి. పసిపాపలా పోయిందనుకోండి, తప్పు డ్రైవర్‌దని మేమే రాస్తాం. ఊగిందనుకోండి, చక్రం గిక్రం కాదు, మొత్తం ఇంజన్ని దేవుడి వాటా కింద రాస్తాం. దాని అక్కచెల్లెళ్ళ సంగతి దేశం చూసుకుంటుంది."

"మంచిదే," అన్నాడు వైవిల్.

అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని ఎవరూ అనుకోలేదు. ఎర్రబడిన చెవులు మామూలు రంగుకి వచ్చేశాయి. చిన్నగా నవ్వాడు కూడా.

"ఒక్క మనవి. డ్రైవర్ సట్‌క్లిఫ్ చేతే నడిపించండి. అప్పుడు ఇంకొకరి మీద నింద పడదు."

మేమంతా చప్పట్లు కొట్టాం. బుర్ర తక్కువ జనం! కెజియా అయితే నా చెయ్యి పట్టుకుని, "హెప్సీ అత్తా, దేవుడు చల్లగా చూశాడు" అంది. పొద్దుట్నించీ ఆ పిల్ల మొహంలో రక్తం చూడటం అదే మొదలు.

ప్లోవర్ వచ్చింది, స్టేషన్లో దిగే జనం దిగిపోయారు. దాన్ని తిప్పి, ఖాళీ పెట్టెలు తగిలించి నిలబెట్టారు. మిల్లులో మధ్యాహ్నం అన్నాల వేళ కావడంతో నేతగాళ్ళు చేతుల్లో ఓట్స్ రొట్టెలతోనే ప్లాట్‌ఫారం మీదికి ఎగబడ్డారు. జ్యూరీవాళ్ళు పెట్టె ఎక్కడానికి నువ్వు ముందంటే నువ్వు ముందని మర్యాదలు చేసుకుంటున్నారు. ధైర్యం సత్రంలోనే అయిపోయినట్టుంది. ఒక్క ఏమోస్ మాత్రం కాలు మెట్టు మీద పెట్టేశాడు.

కానిస్టేబుల్ ఈనాక్‌ని ఇంజన్ దగ్గరికి తీసుకొచ్చాడు. ఈనాక్ ఎక్కలేదు. కట్టు కట్టని కంటితో ప్లోవర్‌ని ఆ చివర్నుంచి ఈ చివరికి చూశాడు. తర్వాత పెట్టె మెట్టు మీదున్న ఏమోస్‌ని చూశాడు.

"ఎక్కు ఈనాక్," అంది కెజియా. "ఏం చూస్తన్నావు? ఎక్కు."

"వీళ్ళని ఎక్కించుకుని నడపను."

"ఏంటీ?"

"నడపనే. వినపడలేదా?"

"నీకు మతి గాని పోయిందా? పొద్దుట్నించీ నేను గొంతు చించుకుంది దీని కోసం కాదూ?"

ఈనాక్ గొంతు తగ్గించాడు గానీ నేను పక్కనే ఉన్నాను, వినపడింది.

"కెజియా, మెల్లగా పోనిస్తే ఇది కిక్కురుమనదు. గువ్వలా పోద్ది. అప్పుడు వాళ్ళేం రాస్తారు? ఇంజన్ బంగారం, ఆ రోజు తోలినోడే దొంగముండాకొడుకు అని రాస్తారు. నేను జైలుకి పోతాను. వాళ్ళ టైముకి పోనిచ్చాననుకో, ఆ వంపు దగ్గర తోకాడిస్తే నా చేతిలో ఏం ఉండదు. మనోడు నా పక్కనించి అరుస్తా పోయాడు. ఈ పెట్టెలో పన్నెండు మంది. రొట్టెల కొట్టాయన పెళ్ళానికి నెలలు నిండాయి, తెలుసా నీకు?"

అప్పుడు అర్థమైంది నాకు, వైవిల్ ఎందుకు నవ్వాడో. ఈనాక్ ఎలాంటివాడో అతనికి బాగా తెలుసు. ఇంజన్ కంటే బాగా తెలుసు. ముందు నుయ్యి, వెనక గొయ్యి తవ్వి, మధ్యలో ఒక మంచివాణ్ణి నిలబెట్టి, ఏ వైపు పడతాడో చూద్దామని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇంత కోపం నాకు నా జన్మలో రాలేదు. ఆ కూజా చేతిలో ఉంటే అతని నెత్తిన పగలగొట్టేదాన్ని.

"డ్రైవర్ వెనకాడుతున్నట్టున్నాడు," అన్నాడు వైవిల్ కరోనరు గారితో. "అది కూడా రాసుకోండి."

కెజియా మొగుడి వైపు చూసింది. అతన్ని తిడుతుందేమో అనుకున్నాను. ఏడుస్తుందేమో అనుకున్నాను. రెండూ చెయ్యలేదు. వెనక్కి తిరిగి, "ఏమోస్ బాబాయ్, దిగు," అంది. "అందరూ దిగండి. వంపు మీంచి చూసినా కనపడుద్ది. గట్టు మీద నించుని చూడండి. ఎక్కి చావక్కర్లేదు."

ఏమోస్ దిగాడు. మిగతావాళ్ళు ఎక్కకుండానే దిగినంత ఊపిరి తీసుకున్నారు.

"జ్యూరీ ఎక్కకపోతే ఇదేం పరీక్ష?" అన్నాడు వైవిల్.

"పరీక్ష ఇంజన్‌కయ్యా, జ్యూరీకి కాదు," అన్నాడు ఏమోస్. "చూడటానికి కళ్ళు చాలు."

ఈనాక్ కెజియా వైపు ఓసారి చూసి ఇంజన్ ఎక్కాడు. ఒక్కడే పోవడానికి ఒప్పుకున్నాడన్నమాట. ఆ పిల్ల అందర్నీ కాపాడింది గానీ మొగుణ్ణి కాదు. ప్లోవర్ ఫైర్‌మన్ పార పట్టుకుని అతని వెనక ఎక్కబోయాడు. కెజియా అతని చొక్కా పట్టుకుని కిందికి లాగింది.

"నువ్వొద్దు తమ్ముడూ. నీకేం సంబంధం లేదు."

పార అతని చేతిలోంచి లాక్కుంది. ప్లాట్‌ఫారం మీద జనం తప్పుకుని దారిచ్చారు. నేరుగా వైవిల్ ముందుకి వెళ్ళి నిలబడి, ఆ మసి పార అతని తెల్లటి కాలరు దగ్గరికి చాపింది.

"ఆ ఇంజన్ మీద ఇద్దరు నించోవాలండి. రెండోది మా తమ్ముడి చోటు. ఈ పూట మీరు నించోండి."

"ఇదేం వేళాకోళం?"

"వేళాకోళమెందుకండీ? ఉయ్యాలన్నారు. పిల్లల్ని ఎక్కిస్తానన్నారు. పిల్లలెందుకు, మీరే ఎక్కండి. బొగ్గు వెయ్యడం రాకపోతే ఈనాక్ చెప్తాడు. మా తమ్ముడికీ ఆయనే నేర్పాడు."

నేతగాళ్ళలో ఎవడో "ఎక్కవయ్యా!" అని అరిచాడు. ఇంకొకడు అందుకున్నాడు. ఓట్స్ రొట్టెలు నమలడం మానేసి ప్లాట్‌ఫారం మొత్తం అదే మాట. కరోనరు గారు జనాన్ని ఆపుతారేమో అని వైవిల్ అటు చూశాడు. కరోనరు గారు తన కళ్ళజోడు తుడుచుకుంటున్నారు.

వైవిల్ పార తీసుకోలేదు. కానీ ఎక్కాడు. పిరికివాడు అనిపించుకోలేక ఎక్కాడు, అంతకంటే గొప్ప కారణం ఏమీ లేదు. పైకి వెళ్ళి ఇత్తడి కమ్మీని రెండు చేతులా పట్టుకున్నాడు. ఇంజన్ ఇంకా కదలనే లేదు.

ఈనాక్ ఆవిరి పిడి మీద చెయ్యి వేశాడు. మొహం మీది కట్టు కొంచెం పైకి జరుపుకుని, ఆ రోజు మొట్టమొదటిసారి తల ఎత్తి, గట్టిగా అడిగాడు.

"చెప్పండయ్యా. మిల్లు వంపు మీరు వేసిన టైముకి దాటించనా, మెల్లగా పోనియ్యనా?"

ఆవిరి బుసకొట్టడం తప్ప ఏమీ వినపడటం లేదు. వైవిల్ వంపు వైపు చూశాడు, ఈనాక్ చేతి వైపు చూశాడు. పెదాలు కదిలాయి. ఏదో అన్నాడు. ఈనాక్‌కి వినపడింది, అతని మొహం చూస్తేనే తెలిసింది. మాకెవరికీ వినపడలేదు.

కెజియా ఇంజన్ మెట్టు మీద కాలు పెట్టింది.

"గట్టిగా చెప్పండి," అంది. "జ్యూరీకి వినపడాలి."